మాంద్యం వస్తే డ్రాగ్ రేసుల లైన్లో ఎవరు మిగులుతారు?

ప్రశ్న అడిగిన తమ్ముడు రాసినది కుదిస్తే ఇంత: చెన్నై దగ్గర ఒరగడంలో వాహన విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. చేతిలో 160 సీసీ బండి, దాని వాయిదాలు తీరిపోయాయి. ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో డ్రాగ్ పోటీలు (తిన్నని కొద్ది దూరాన్ని ఎవరి బండి ముందు దాటుతుందో తేల్చేవి) ఇంతవరకు బయట నిలబడి చూశారు, ఈ ఏడాది తనే దిగాలని ఉంది. ఇంతలో కంపెనీలో ఓవర్‌టైము ఆపేశారు, షిఫ్టులు కూడా తగ్గిస్తారంటున్నారు. "మాంద్యం వస్తే ముందు ఆగిపోయేవి ఇలాంటి ఆటలే, ఇప్పుడు డబ్బు పెడితే బూడిదలో పోసిన పన్నీరే" అని స్నేహితులు భయపెడుతున్నారట. నిజంగానే మాంద్యంలో పాల్గొనేవాళ్లు తగ్గిపోతారా, తను దిగాలా ఆగాలా అన్నది ప్రశ్న.

తగ్గుతారు. కానీ అందరూ ఒకేలా తగ్గరు, వెంటనే కూడా తగ్గరు. ఖాళీ అయ్యేది మధ్య వరుస. అంటే వాయిదాల మీద కొన్న 400 నుంచి 1000 సీసీ బళ్లు, వాటిని నడిపే నెల జీతగాళ్లు. చిన్న క్లాసులు, అంటే పాత టూ-స్ట్రోక్ బళ్లు, 165 సీసీ లోపు ఫోర్-స్ట్రోక్ బళ్లు దాదాపు నిలబడతాయి, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. మీ బండి చిన్న క్లాసుది, దాని మీద బాకీ లేదు. అప్పు చేయకుండా దిగగలిగితే ఆగనక్కర్లేదు. అప్పు చేయాల్సి వస్తే ఆగండి. కింద రాసినదంతా దీనికి వివరణే, తీరిక ఉంటే చదవండి.

నా సొంతూరు సూళ్లూరుపేట. చెన్నై అంబత్తూరులో బళ్ల ట్యూనింగ్ గ్యారేజీ నడుపుతున్నాను, 2008 సంక్షోభం కంటే ముందు తెరిచినది. నా దగ్గర సర్వేలు లేవు, పని పుస్తకం ఉంది. ఏ నెలలో ఎవరు ఏ పని చేయించుకున్నారు, ఎవరు సగం కట్టిన ఇంజను వదిలేసి మళ్లీ మొహం చూపించలేదు అన్నది అందులో కనిపిస్తుంది. మా కుర్రాళ్ల బళ్లతో పోటీలకు వెళ్తుంటాను కాబట్టి లైన్లో ఎవరు నిలబడ్డారో, ఎవరు మాయమయ్యారో కూడా తెలుస్తుంది. నేను చెప్పేదంతా బైకుల లెక్క.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పెట్రోలు ధర పెరిగితే డ్రాగ్ రేసులు పడిపోతాయని చాలామంది అనుకుంటారు. డ్రాగ్ రేసుకు మామూలుగా చెప్పే దూరం క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు. మన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ట్రాకు మెయిన్ స్ట్రెయిట్ (తిన్నగా ఉండే ముఖ్య భాగం) మీద జరిగే పోటీల దూరం అంతకంటే తక్కువ, 300 మీటర్ల చుట్టుపక్కల. ఒక రన్ కొన్ని సెకన్లలో అయిపోతుంది. ప్రాక్టీసుతో సహా రెండు రోజుల పోటీకి మీ బండి తాగే పెట్రోలు, మీరు వారం రోజులు ఆఫీసుకు వెళ్లి రావడానికి అయ్యేంత కూడా ఉండదు. డబ్బు పోయేది క్లచ్ ప్లేట్లకు, పిస్టన్‌కు, గేరింగ్ మార్చడానికి, లెదర్ సూటుకు, బండిని ట్రాకుకు చేర్చే టాటా ఏస్ కిరాయికి, ఎంట్రీ ఫీజుకు. అన్నిటికంటే పెద్ద పద్దు బండి వాయిదా. కాబట్టి ఈ ఆట ఆరోగ్యం తెలుసుకోవాలంటే పెట్రోలు బంకు బోర్డు చూసి లాభం లేదు. కంపెనీ నోటీసు బోర్డు చూడాలి.

మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట షిఫ్టులు కాదు, ఓవర్‌టైము. శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కర్మాగారాల్లో పనిచేసి చిన్న క్లాసుల్లో దిగే కుర్రాళ్లలో చాలామందికి మూల జీతం ఇంటికి పోతుంది, ఓవర్‌టైము బండికి పోతుంది. ఇంట్లో అమ్మానాన్నలకు ఆ ఓవర్‌టైము సంగతి పూర్తిగా తెలియదు కూడా. ఉద్యోగం ఊడకుండానే, జీతం ఒక్క రూపాయి తగ్గకుండానే వాళ్ల రేసింగ్ బడ్జెట్ మొత్తం పోవచ్చు. వాహన రంగం దెబ్బతిన్న 2019లో ఇది బాగా చూశాను. పెద్ద కంపెనీలు ఉత్పత్తి లేని రోజులు ప్రకటించాయి. ఎవరినీ తీసేయలేదన్న చోట కూడా మా దగ్గర ఇంజను సిలిండర్ బోరింగ్ పనులు వాయిదా పడ్డాయి. పత్రికల్లో ఉద్యోగాల లెక్కలు వస్తాయి, ఓవర్‌టైము లెక్కలు రావు. ఈ ఆట మాత్రం దాని మీదే నడుస్తుంది.

ఇప్పుడు మధ్య వరుస సంగతి. పదిహేనేళ్ల కిందటితో పోలిస్తే ఈ వరుస బాగా పెరిగింది. ఐటీ ఉద్యోగి, ముప్పై ఏళ్ల వయసు, పెద్ద బండి, దాని మీద ఐదేళ్ల వాయిదా. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు మరీ ఎక్కువ. వాళ్లకు అక్కడ శాశ్వతమైన డ్రాగ్ స్ట్రిప్ లేదు. జక్కూరు ఎయిర్‌స్ట్రిప్ మీద ఎప్పుడైనా మీట్ (పోటీల కార్యక్రమం) పెడితే సరే, లేదంటే దాదాపు 300 కిలోమీటర్లు బండి మోసుకుని ఇక్కడికి రావాలి. రెండు రాత్రుల హోటలు, సెలవులు, మెకానిక్కును వెంట తెచ్చుకునే ఖర్చు. మంచి రోజుల్లో ఇదంతా లెక్కలోకి రాదు. ఉద్యోగాల కోత అన్న మాట వినిపించిన మొదటి నెలలోనే ఈ ప్రయాణం ఆగిపోతుంది. ఉద్యోగం పోయినవాళ్లకంటే, పోతుందేమోనని భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. 2022 చివర నుంచి టెక్ కంపెనీల్లో కోతలు మొదలైనప్పుడు నా దగ్గర పెద్ద బళ్ల పనులు ఆపుకున్నవాళ్లలో చాలామందికి ఉద్యోగాలు అలాగే ఉన్నాయి.

దీనికి వడ్డీ తోడవుతుంది. బండి రుణానికి సాధారణంగా స్థిరమైన వడ్డీ ఉంటుంది, కాబట్టి రేట్లు పెరిగినా ఆ వాయిదా మారదు. ఇంటి రుణం అలా కాదు. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య 4 శాతం నుంచి 6.5 శాతానికి వెళ్లింది. అంటే అదే జీతంలో ఇంటి వాయిదా పెరిగింది, లేదా దాని గడువు సాగింది. ఇంట్లో బండి మీద చర్చ మొదలైతే రేసరు గెలిచిన సందర్భాలు తక్కువ. ఇప్పుడు పన్ను కూడా ఈ రెండు వరుసల మధ్య గోడ కట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ పైన సెస్‌తో కలిపి 31 శాతం ఉన్నది 40కి పెరిగింది. కొత్తగా వచ్చేవాళ్లు చిన్న క్లాసు వైపే మొగ్గడానికి ఇదొక్కటి చాలు.

అన్నిటికంటే పై క్లాసు, అంటే స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) పొడిగించిన సుజుకి హయాబుసాలు, లీటరు (1000 సీసీ) బళ్లు, దాని లెక్క వేరు. అక్కడ నడిపేది జీతం కాదు, కుటుంబ వ్యాపారమో టీమో స్పాన్సరో. బెంగళూరుకు చెందిన హేమంత్ ముద్దప్ప జాతీయ డ్రాగ్ టైటిళ్లు వరసగా గెలుచుకున్నది ఇలాంటి బళ్ల మీదే. ఆ స్థాయిలో ఉన్నవాళ్లు మాంద్యం వచ్చిందని మానేయరు, కొత్త బండి కట్టడం మాత్రం వాయిదా వేస్తారు. ఎప్పుడూ ఉండే ఆ కొద్దిమందే ఉంటారు కాబట్టి చూసేవాళ్లకు ఏ తేడా తెలియదు. మీ స్నేహితులు ఫొటోలు చూసి ఆట ఎలా ఉందో చెబుతున్నారంటే వాళ్లు చూస్తున్నది ఈ వరుసనే.

పై వరుసను కదిలించేది రూపాయి. క్లచ్‌లు, ఇంధనాన్ని సరిచేసే పెట్టెలు, పోటీ సైలెన్సర్లు చాలావరకు అమెరికా నుంచి వస్తాయి. 2013 మేలో డాలరుకు 54-55 రూపాయలు ఉన్నది ఆగస్టు చివరికి 68 దాటింది. కస్టమ్స్ సుంకం వేసేది రూపాయల్లో లెక్కగట్టిన విలువ మీద. అంటే రూపాయి పడితే వస్తువు ధరా పెరుగుతుంది, దాని మీద సుంకమూ పెరుగుతుంది, ఆ రెండింటి మొత్తం మీద పన్నూ పెరుగుతుంది. అదే ఏడాది జూన్‌లో పుణె దగ్గరి చకాన్‌లో తయారైన కేటీఎం 390 డ్యూక్ సుమారు లక్షా ఎనభై వేల ఎక్స్-షోరూం ధరకు వచ్చింది. దిగుమతి బండి కలలు కంటున్న చాలామంది అటు తిరిగారు. హయాబుసాను కూడా 2016 నుంచి ఇక్కడే బిగించడం మొదలుపెట్టాక ధర గణనీయంగా దిగి, పాత బళ్లు చేతులు మారడం పెరిగింది. ఇప్పుడు రూపాయి 2025 డిసెంబరులో 90 దాటింది కాబట్టి ఆ సామాను మళ్లీ అందకుండా పోతోంది. మీ 160కి ఇదేదీ తగలదు. దానికి కావాల్సినవన్నీ ఇక్కడే దొరుకుతాయి.

చిన్న క్లాసులు ఎందుకు నిలబడతాయి? చవక కాబట్టి అనేది సగం జవాబే. మిగతా సగం మా అంబత్తూరులోనే ఉంది. మంచి రోజుల్లో ఇక్కడి లేత్ షాపుల దగ్గరికి ఒక్క సిలిండర్ బ్లాకు పట్టుకుని వెళ్తే పట్టించుకోరు. వాళ్లకు పెద్ద కంపెనీల ఆర్డర్లు ఉంటాయి, వేల సంఖ్యలో ఒకే రకం ముక్క కొట్టాలి. మీ ఒక్క ముక్క కోసం మిషను సెట్టింగ్ మార్చడం వాళ్లకు నష్టం. "వచ్చే వారం చూద్దాం" అంటారు, ఆ వారం ఎప్పటికీ రాదు. ఆర్డర్లు పడిపోయినప్పుడు అదే మనిషి ఫోను చేసి "ఏమైనా పని ఉందా" అని అడుగుతాడు. బ్లాకు బోరింగ్, హెడ్ స్కిమ్మింగ్, స్ప్రాకెట్ హబ్, ఎక్స్‌పాన్షన్ చాంబర్ కోన్లు చుట్టడం, ఇవన్నీ తీరిగ్గా, జాగ్రత్తగా, తక్కువ డబ్బుకు జరుగుతాయి. 2019లో నా దగ్గర కట్టిన టూ-స్ట్రోక్ ఇంజన్ల పనితనం అంతకుముందు వాటికంటే మెరుగ్గా ఉండటానికి కారణం నా ప్రతిభ కాదు, ఖాళీగా ఉన్న మంచి మిషనిస్టులు.

మనుషులకూ అంతే. డిజైను విభాగంలో పనిచేసే కుర్రాడికి పని గంటలు తగ్గితే సాయంత్రాలు మిగులుతాయి. పోర్టు టైమింగ్ (ఇంజను రంధ్రాలు తెరుచుకుని మూసుకునే సమయం) గీసి లెక్కగట్టి తెస్తాడు. డబ్బు తగ్గి సమయం పెరిగినప్పుడు, సమయం పెట్టి వేగం సంపాదించగలిగే క్లాసులు బతుకుతాయి. 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ లైన్లో నిలబడుతోందంటే అందుకే. ఆకురాయితో, ఓపికతో దాని నుంచి వేగం తీయవచ్చు. లీటరు బండిలో వేగం కొనుక్కోవాలి. ఫోర్-స్ట్రోక్ వైపు కూడా చూడండి: 2008 జూన్‌లో, సంక్షోభం ముదురుతున్న సమయంలోనే, యమహా ఆర్15 లక్ష లోపు ధరకు వచ్చింది. దిగుమతి బండి కొనలేని తరం మొత్తం దాని మీద, టీవీఎస్ అపాచీల మీద నేర్చుకుంది.

ఇంకో సంగతి, కష్టకాలంలో బళ్లను ఉమ్మడిగా కట్టుకుంటారు. ముగ్గురు స్నేహితులు కలిసి ఒక ఆర్‌ఎక్స్ కొని, ఇంజను ఖర్చు పంచుకుని, ఒక్కో పోటీకి ఒక్కొక్కరు ఎక్కుతారు. ఇది లెక్కల్లో విచిత్రంగా కనిపిస్తుంది. బళ్ల సంఖ్య తగ్గుతుంది, ఆటలో ఉన్న మనుషుల సంఖ్య తగ్గదు. ఎంట్రీల జాబితా చూసి "సగం పడిపోయింది" అనేవాళ్లు ఆ టెంటులో ఎంతమంది కూర్చున్నారో చూడాలి. అయితే ఇలాంటి ఉమ్మడి బళ్ల మీద గొడవలూ ఎక్కువే. క్లచ్ ఎవరు కాల్చారన్న వాదన తేలిన సందర్భం నేను చూడలేదు. కాగితం మీద ముందే రాసుకోండి.

పాత సామాను మార్కెట్టు మాంద్యాన్ని అందరికంటే ముందు పసిగడుతుంది. చెన్నై పుదుపేటలో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో తిరిగేవాళ్లకు ఇది తెలుసు. ముందు సూట్లు, బూట్లు అమ్మకానికి వస్తాయి, తర్వాత విడి సైలెన్సర్లు, చివరికి బండి. ఈ వరస దాదాపు ఎప్పుడూ తప్పదు, ఎందుకంటే మనిషి ఆటను ఒక్కసారిగా వదలడు, ముక్కలు ముక్కలుగా వదులుతాడు. 2020లో మాత్రం ఇది ఆలస్యమైంది. మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలపై మారటోరియం ఉండటంతో ఎవరికీ బండి అమ్మాల్సిన తొందర లేకపోయింది, గడువు ముగిశాక ఒక్కసారిగా వచ్చాయి. ఆ ఏడాదిని నేను మామూలు మాంద్యంగా లెక్కగట్టను కూడా. అప్పుడు ఆట తగ్గలేదు, మూతపడింది. తలుపులు తెరిచాక, రెండేళ్లు ఇంట్లో కూర్చుని జీతం మిగుల్చుకున్న కొత్తవాళ్లు పెద్ద బళ్లతో వచ్చారు. మళ్లీ 2023లో మెల్లగా కనబడకుండా పోయింది వాళ్లే. 2016 నోట్ల రద్దు సంగతి ఒక్క ముక్కలో: పాత సామాను వ్యాపారమంతా నగదు మీదే కాబట్టి కొన్ని వారాలు స్తంభించింది, ఆ తర్వాత సర్దుకుంది.

దూరం నుంచి వచ్చేవాళ్ల సంగతి పక్కన పెడితే, తగ్గుదల ఆలస్యంగా వస్తుంది, తిరిగి రావడం ఇంకా ఆలస్యం. ఇంజను సగం కట్టినవాడు మానుకోడు. పెట్టిన డబ్బు వృథా పోతుందని ఎలాగో పూర్తిచేస్తాడు, ఆ సీజను ఆడతాడు. అందుకే వార్తల్లో మాంద్యం మొదలైన ఏడాది లైను నిండుగానే ఉంటుంది. మరుసటి ఏడాది, కొత్త ఇంజను కట్టాల్సిన సమయంలో అసలు దెబ్బ తెలుస్తుంది. ఉద్యోగాలు మళ్లీ వచ్చాక కూడా ముందు అప్పులు తీరుతాయి, తర్వాత చెల్లెలి పెళ్లి, ఆ తర్వాత తన పెళ్లి. అప్పటికి ముప్పై రెండేళ్లు వస్తాయి. నిజం చెప్పాలంటే నా పుస్తకంలో మాంద్యాలు తీసుకెళ్లిన రైడర్లకంటే పెళ్లిళ్లు తీసుకెళ్లిన రైడర్లే ఎక్కువ.

రైడర్లు ఆలస్యంగా కదిలితే స్పాన్సర్లు ముందే కదులుతారు. 2008 డిసెంబరులో హోండా ఫార్ములా వన్ నుంచి తప్పుకుంది. అదే నెలలో సుబారు, సుజుకి ప్రపంచ ర్యాలీ నుంచి, వెంటనే 2009 జనవరిలో కవాసాకి మోటోజీపీ నుంచి తప్పుకున్నాయి. అంత పెద్ద సంస్థలే కొన్ని వారాల్లో వెళ్లిపోయినప్పుడు, మన మీట్‌కు బ్యానరు కట్టించే ఆయిలు డీలరో టైర్ల షాపో ఎంతసేపు ఆగుతారు? ప్రకటనల ఖర్చు కోయడం ఉద్యోగి జీతం కోయడంకంటే తేలిక. ఇక నిర్వాహకుడి వైపు చూడండి. ట్రాకు అద్దె, టైమింగ్ పరికరాలు, అంబులెన్సు, డాక్టరు, అగ్నిమాపక వాహనం, మార్షల్స్, బీమా. ఎంట్రీలు సగానికి పడిపోతే ఈ ఖర్చు సగం కాదు, దాదాపు అంతే ఉంటుంది. అందుకని ముందు బహుమతి డబ్బు తగ్గిస్తారు, తర్వాత ఎంట్రీ ఫీజు పెంచుతారు, అదీ చాలకపోతే పోటీ రద్దు చేస్తారు. పాల్గొనేవాళ్ల సంఖ్య మెల్లగా జారుతూ, ఒక మీట్ రద్దయినప్పుడు ఒక్కసారిగా సున్నా అవుతుంది. చిన్న క్లాసుల కుర్రాళ్లకు అసలు ప్రమాదం సొంత జేబు నుంచి కాదు, ఇక్కడి నుంచి. డబ్బు ఉన్నా ఆడటానికి పోటీ ఉండకపోవచ్చు.

ఈ విషయంలో అమెరికాను చూసి అసూయపడతాను. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పైస్థాయి పోటీల సంగతి పక్కన పెడితే, అక్కడి ఊళ్లలోని స్ట్రిప్‌లను నిలబెట్టేది బ్రాకెట్ రేసింగ్. నీ బండి ఎన్ని సెకన్లలో దాటుతుందో ముందే ప్రకటిస్తావు. నెమ్మది బండికి ఆ తేడా మేరకు ముందుగా పచ్చ దీపం వెలుగుతుంది. ప్రకటించిన సమయంకంటే వేగంగా వెళ్తే ఓడిపోతావు. అంటే గెలిచేది ఖరీదైన ఇంజను కాదు, ఒకేలా పరిగెత్తే బండి, దీపానికి సరిగ్గా స్పందించే మనిషి. జేబు ఖాళీ అయిన ఏడాది పాత బండితోనే వచ్చి గెలవవచ్చు. మన దగ్గర పోటీలు క్లాసు ప్రకారం, ఎవరు ముందు దాటితే వాళ్లది. అందుకే పక్కవాడు ఇంజను మార్చిన ప్రతిసారీ మీకూ మార్చాలనిపిస్తుంది. ప్రతి మీట్‌లో ఒక బ్రాకెట్ క్లాసు పెడితే మాంద్యాన్ని తట్టుకునే శక్తి ఈ ఆటకు చాలావరకు వస్తుందని నా గట్టి అభిప్రాయం. విన్న నిర్వాహకులు తలూపుతారు, అంతే.

అక్కడి నుంచే ఇంకో పాఠం ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఇంగ్లిష్‌టౌన్ డ్రాగ్ స్ట్రిప్ 2018లో, అట్లాంటా 2021లో, హ్యూస్టన్, డెన్వర్ దగ్గరి బాండిమేర్ 2023లో మూతపడ్డాయి. వీటిని ఖాళీ చేసింది జనం రాకపోవడం కాదు. ఆ భూమికి వేరే గిరాకీ వచ్చింది. మాంద్యం రైడర్లను కొన్నేళ్లు దూరం చేస్తుంది, వాళ్లు తిరిగి రావచ్చు. రియల్ ఎస్టేటు జోరు స్ట్రిప్‌నే తీసుకెళ్తుంది. ఇక్కడ మనవాళ్లు చెన్నైకి ఉత్తరాన ఉన్న షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు చూసిన రోజులు గుర్తుచేసుకుంటారు. నెల్లూరు నుంచి హైవే మీద నేరుగా వచ్చేవాళ్లట. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకును మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు సొంతంగా కట్టుకుంది కాబట్టి ఇన్ని ఒడిదుడుకుల్లోనూ ఆడటానికి ఒక చోటు మిగిలింది. చుట్టూ కార్ల కర్మాగారాలు, గోదాములు లేచాయి, భూమి ధర ఎక్కడికో పోయింది. ట్రాకు అద్దె స్థలంలో ఉండి ఉంటే ఈ ప్రశ్న అడగడానికి మీరూ, జవాబు రాయడానికి నేనూ ఉండేవాళ్లం కాదేమో.

మాంద్యం అని అందరూ ఒకటే మాట వాడతారు గానీ ఒక్కొక్కరి మాంద్యం ఒక్కోటి. నా దగ్గరికి నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చే కుర్రాళ్లలో రొయ్యల చెరువుల మీద బతికే ఇళ్లవాళ్లు ఉన్నారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు దేశం మొత్తానికి మాంద్యమేమీ లేదు, కానీ వాళ్లకు అప్పుడే వచ్చింది. పట్టుబడి ముందు ఉన్న చెరువు ధర తేలేదాకా బండి పని ఆపమన్నారు. అలాగే మరైమలై నగర్‌లో ఒక పెద్ద కార్ల కర్మాగారం 2022లో ఉత్పత్తి ఆపేసినప్పుడు దేశంలో కార్ల అమ్మకాలు బాగానే ఉన్నాయి. దాని మీద ఆధారపడిన చిన్న యూనిట్ల కుర్రాళ్లకు మాత్రం ఆ లెక్కలతో పని లేకపోయింది. మీరు కూడా జీడీపీ వార్తలు పక్కన పెట్టి, మీ కంపెనీ ఎవరికి సరఫరా చేస్తుందో, ఆ మోడల్ ఎంత అమ్ముడవుతోందో చూడండి.

చెడ్డ విషయం ఒకటి చెప్పాలి. మీట్‌లు తగ్గిన ఏడాది ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద రాత్రిపూట పందేలు పెరుగుతాయి. ఎంట్రీ ఫీజు లేదు, లైసెన్సు లేదు, సూటు లేదు, అందుకని చవక అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా లేదా రెండూ. అది చిన్న విషయం. మామూలు వాహన బీమాలో రేసింగ్, వేగ పరీక్షలు మినహాయింపుల్లో ఉంటాయి. ఎదుటి మనిషికి ఏదైనా జరిగితే ఆ భారం మీ ఇంటి మీద పడవచ్చు. ట్రాకు మీద కాపలా ఉన్న అంబులెన్సు విలువ రోడ్డు మీద తెలుస్తుంది. నా గ్యారేజీలో రోడ్డు పందేలకు వెళ్లే బళ్లు కట్టను, ఇందులో బేరం లేదు.

ఇక మీ సంగతి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉందా? ఉంటే దాన్ని ముట్టుకోకుండా, పైన మిగిలిన దానితోనే దిగండి. వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు వాయిదాలు వద్దు. అప్పు చేసి పప్పుకూడు తిన్నా కడుపు నిండుతుంది, అప్పు చేసి కట్టిన ఇంజను మొదటి రోజే పట్టేయవచ్చు. మొదటి సీజను ఇంజను విప్పకండి. ఉన్న బండి, కొత్త చైను, వెనక ఒకటి రెండు పళ్లు మార్చిన స్ప్రాకెట్, మంచి క్లచ్ ప్లేట్లు చాలు. కొత్తవాళ్లు పోగొట్టుకునే సమయమంతా మొదటి 60 అడుగుల్లోనే పోతుంది. ఇంజనులో అర గుర్రం బలం పెంచితే వచ్చేదానికంటే క్లచ్ వదలడం నేర్చుకుంటే వచ్చేది ఎక్కువ, దానికి డబ్బు ఖర్చు లేదు.

ఖర్చు తగ్గించుకోకూడనివి హెల్మెట్టు, గ్లవ్స్, బూట్లు, టైర్లు. మాంద్యం ఏళ్లలో స్క్రూటినీ (పోటీకి ముందు చేసే తనిఖీ) దగ్గర ఎక్కువగా వెనక్కి పంపేది వీటి వల్లే. గడువు తీరిన హెల్మెట్టు, గట్టిపడిన టైరు, వదులైన చైను. సూటు మాత్రం పాతది కొనండి, ఇప్పుడే మంచివి బయటికి వస్తున్నాయి. కుట్లు, భుజం దగ్గర, మోకాలి దగ్గర తోలు చూసుకుని తీసుకోండి. హెల్మెట్టు ఎప్పుడూ కొత్తదే. లైసెన్సు, ఎంట్రీ నిబంధనలు ప్రతి పోటీకి ముందు వచ్చే నియమావళిలో ఉంటాయి, అది పూర్తిగా చదవండి. మీ బండి ఏ క్లాసులోకి వస్తుందో, ఏ మార్పులు కుదరవో అందులోనే తెలుస్తుంది.

పెద్ద బండి చవకగా వస్తోందని ఎవరైనా చూపిస్తే తొందరపడకండి. అమ్మేవాడికి భారమైన వాయిదా, బీమా, టైర్లే రేపు మీకూ ఉంటాయి. చవకగా వచ్చేది బండి మాత్రమే. కొనాల్సి వస్తే మంచి కార్బ్యురేటర్, విడి క్లచ్ అసెంబ్లీ లాంటి పాడవని సామాను కొని పెట్టుకోండి. మంచి రోజులు వచ్చాక అవి ఈ ధరకు దొరకవు, లేత్ షాపువాడు కూడా మళ్లీ ఫోను ఎత్తడు.

మీ బండి మోడల్, ఇప్పుడున్న ముందు వెనక స్ప్రాకెట్ పళ్లు, మీ బరువు కింద రాయండి. గేరింగ్ లెక్క చెబుతాను.